మనసు, మాట, కాలవ నీళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పొదుపు సంఘం లీడర్‌ని. ధ్యానానికి కూర్చుంటే పట్టుమని నిమిషమైనా కాకుండానే కిస్తీలు, పాలవాడు, పిల్లల పరీక్షలు గుర్తొస్తాయి. నాకిది కుదిరే పనేనా?
(గృహిణి, రాజోలు)

జవాబు: కుదురుతుందమ్మా. ఆలోచనలు ఆపెయ్యాలనుకోవడంతోనే చాలామంది చతికిలబడతారు. మనసు జారిందని గమనించి వెనక్కి తెచ్చుకోవడమే సాధన. ఇరవైసార్లు జారితే ఇరవైసార్లు తెచ్చుకోండి. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో రోగుల కోసం మొదలుపెట్టిన 8 వారాల ధ్యాన శిక్షణలో రోజూ ముప్పావుగంట ఇంట్లో చెయ్యమంటారు. మీకంత తీరిక ఉండదు, పది నిమిషాలు చాలు. అన్నం తినగానే వద్దు, కునుకు పడుతుంది. ఊపిరి బలవంతంగా లాగితే తల తిరుగుతుంది, దాని మానాన దాన్ని ఆడనివ్వండి.

అదీ కుదరకపోతే అంట్లు తోమేటప్పుడు మొదటి మూడు గిన్నెలు తీసుకోండి. నీళ్ల చల్లదనం, పీచు గరుకు, వేలికి తగిలే గిన్నె అంచు. మనసు కిస్తీ మీదికి పోతే ‘కిస్తీ’ అని లోపల అనుకుని మళ్లీ చేతుల దగ్గరికి రండి. కళ్లు మూస్తే దడ పుడితే తెరిచే ఉంచి, పాదాలు నేలకు ఆనించండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యండి.

సంఘంలో వాయిదా కట్టలేని సభ్యురాలిని నలుగురిలో నిలదీయకండి. మీటింగుకు ముందురోజే ఇంటికెళ్లి ఏమైందో కనుక్కోండి.

ప్రశ్న: మాది కాలవ చివరనున్న శివారు ఆయకట్టు. దాళ్వాలో, అంటే రబీ వరికి, వంతు నీళ్లు మా చేలదాకా రావు. ఎగువవాళ్లతో ఎప్పుడు కూర్చున్నా గొడవే. దయ, శాంతం అంటే మేం నోరు మూసుకోవడమా?
(రైతు, అల్లవరం మండలం)

జవాబు: ముమ్మాటికీ కాదు. వంతు నీళ్లు మీ హక్కు. దయ పేరు చెప్పి దాన్ని వదులుకోమనడం అన్యాయం.

సభకు ముందే ఎగువ రైతులు ఇద్దరిని మీ గట్ల మీద నడిపించండి. సముద్రం దగ్గరి నేలల్లో మంచినీళ్లు తగ్గితే ఉప్పు పైకి వస్తుంది. పొట్ట దశలో తడి తప్పితే వెన్ను తాలుపోతుంది. నోటితో ఎంత చెప్పినా ఎక్కనిది, అరచెయ్యి దూరే నెర్రె చూస్తే ఎక్కుతుంది. వాళ్ల భయమూ అడిగి తెలుసుకోండి. ఈ తడి వదిలితే మళ్లీ నీళ్లొస్తాయో రావోనన్న బెంగతోనే చాలామంది రాత్రిళ్లు తూము ఎత్తుతారు.

సభలో ఎదురెదురు వరసల్లో కూర్చుంటే రెండు జట్లే అవుతాయి. కలగలిపి గుండ్రంగా కూర్చోండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. జవాబిచ్చే మనిషి ముందు అవతలి మాటను తిరిగి చెప్పి, ‘మీరన్నది ఇదేనా?’ అని అడగాలి. అవునన్నాకే తన మాట. మొదట్లో నాటకంలా ఉందని వదిలేస్తారు. పెద్దమనిషి ఒకరు పట్టుబట్టి నడిపిస్తేనే నిలుస్తుంది. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి, ఎవరు దగ్గరుండాలి అన్నది కాగితం మీద పెట్టి, కాలవ నీళ్లు చూసుకునే లస్కరుకు ఒక ప్రతి ఇవ్వండి. రాత లేని రాజీ పొలం ఎండితే నిలవదు.

ఇంట్లో మైత్రీ భావన, అంటే అందరి మేలూ కోరుకునే ధ్యానం, చేసేవాళ్లకు 5వ శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు చెప్పిన వరస ఉంది. ముందు తాను, తర్వాత గౌరవించే మనిషి, ప్రాణ స్నేహితుడు, పరిచయం మాత్రమే ఉన్నవాడు, ఆఖరున పగవాడు. తూము ఎత్తి నీళ్లు మళ్లించుకున్నవాడితోనే మొదలుపెడితే కోపమే రాజుకుంటుంది.

ప్రశ్న: వరదలప్పుడు లంక గ్రామాలకు సాయం పట్టుకెళ్తాం. ఏడ్చేవాళ్లకు ఏం చెప్పాలి?
(కాలేజీ విద్యార్థులు, అమలాపురం)

జవాబు: ‘అంతా సర్దుకుంటుంది’ అనకండి. పక్కన కూర్చుని వాళ్లు చెప్పేది విని, ఇప్పుడేం కావాలో అడగండి. పశువుల మేత, బీపీ మాత్రలు, ఆడపిల్లలకు ప్యాడ్‌లు అంటారు. అడక్కుండా వచ్చిన బృందాలన్నీ పులిహోర పొట్లాలే తెస్తే సాయంత్రానికి పాచిపోతాయి. చెయ్యి చాచినప్పుడు ఫొటో తియ్యకండి. ఒడ్డు చేరాక పది నిమిషాలు మీలో మీరు మాట్లాడుకున్నాకే ఇళ్లకు వెళ్లండి. ఒకే మనిషిని రోజూ పడవ ఎక్కించకండి, మార్చి మార్చి పంపండి.