క్లియర్ అలైనర్లతో పళ్లు ఎలా జరుగుతాయి? చిగుళ్లు పాడవుతాయా?

అలైనర్లు, అంటే పళ్లపై తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు, పళ్లను మెల్లగా నెట్టి జరుపుతాయి, నోరు శుభ్రంగా ఉంచుకుంటే చిగుళ్లకు సాధారణంగా హాని ఉండదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. ట్రే ఒత్తిడికి ఆ పొర నలిగినవైపు ఎముక కరుగుతుంది, సాగినవైపు కొత్త ఎముక పడుతుంది. అలా పన్ను చోటు మారుతుంది. ఉదాహరణకు, ఒక్కో ట్రే సుమారు 0.25 మి.మీ. జరుపుతుంది కాబట్టి ముందుపన్ను 1 మి.మీ. లోపలికి రావాలంటే కనీసం నాలుగు ట్రేలు కావాలి, అదీ రోజుకు 20–22 గంటలు పెట్టుకుంటేనే.

పళ్లు కాస్త ఊగితే చిగుళ్లు పాడయ్యాయని చాలామంది టెన్షన్ పడతారు. చికిత్సలో ఆ కొద్దిపాటి కదలిక మామూలే, ఎముక గట్టిపడ్డాక తగ్గుతుంది. తిన్నాక తోముకోకుండా ట్రే పెట్టుకోవడమే అసలు ప్రమాదం: లోపల చిక్కిన పాచితో చిగుళ్ల అంచు ఎర్రబడి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది. చిగుళ్ల జబ్బు ముందే ఉంటే, అది నయం చేయించుకున్నాకే అలైనర్లు మొదలుపెట్టాలి.