ఈ మధ్య మీరు చూసిన సినిమాల్లో ఏవి నచ్చాయి, ఏవి నచ్చలేదు? ఎందుకు?

నా జవాబు కాస్త వంకరగా ఉంటుంది. రెండేళ్లుగా నేను సినిమాలు ఒక్కడినే చూడటం లేదు, నాన్నకు చెబుతూ చూస్తున్నాను. షుగర్ వల్ల ఆయన రెటీనా దెబ్బతింది. లేజర్ అయింది, ఆపరేషన్ అయింది. ఇప్పుడు కిటికీ ఎటు ఉందో తెలుస్తుంది గానీ ఎదుట ఉన్న మనిషి ముఖం తెలియదు. విజయనగరంలో ఆర్టీసీ కండక్టర్‌గా చేసిన రోజుల్లో డ్యూటీ దిగి, క్యాష్ కట్టేసి, ఆ ఖాకీ చొక్కాతోనే సెకండ్ షోకి పోయిన మనిషి. రిటైరయ్యాక హైదరాబాదులో నా దగ్గరే ఉంటున్నారు. సినిమా మానెయ్యమంటే ఎలా మానేస్తారు?

మొదట్లో పక్కన కూర్చుని చెప్పే పని అమ్మది. "వాడొచ్చాడు. వీడు చూశాడు. వెళ్ళిపోయాడు." ఎవడే అని నాన్న అడిగితే "అదే, ఇందాకటివాడు" అనేది. పావుగంటలో ఇద్దరికీ తగువు, టీవీ బంద్. తర్వాత నేను దిగాను. నేను రెండో రకం తప్పు చేశాను, అన్నీ చెప్పేసేవాణ్ణి. ఎర్ర చీర కట్టుకుంది, గోడ మీద గడియారం ఉంది, ఏడుస్తోంది. ఒకరోజు నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "ఏడుస్తోందని నువ్వు చెప్పక్కర్లేదురా, నాకు వినిపిస్తాది. గదిలో ఇంకా ఎవులున్నారో అది చెప్పు" అన్నారు. ఆ రోజు నుంచీ నా పద్ధతి అదే. ఎవరు ఉన్నారు, చేతిలో ఏముంది, ఎవరు ఎవరిని చూస్తున్నారు. అంతే. మిగతాది సౌండు చూసుకోవాలి.

అందుకని ఈ మధ్య నాకు సినిమా నచ్చడం, నచ్చకపోవడం అంతా చెవి లెక్కే. కొత్త సంగతేమీ కాదు లెండి. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే రోజుల్లో ఊళ్ళకు ఊళ్ళు సినిమాలు వినేవి. దానవీరశూరకర్ణ (1977) తెరమీద చూడకముందే మైకుసెట్లో విని "ఏమంటివి ఏమంటివి" కంఠతా పట్టినవాళ్ళు మా బంధువుల్లోనే నలుగురున్నారు. ఇప్పుడు ఎన్ని సినిమాలు అలా వినడానికి పనికొస్తాయి? నేను చూసినంతలో చాలా తక్కువ.

పనికొచ్చిన వాటిలో మొదటిది "కోర్ట్" (2025). కథ 2013లో విశాఖపట్నంలో జరుగుతుంది. ఒక పేదింటి కుర్రాడి మీద పోక్సో కేసు (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద) పెట్టి ఇరికిస్తారు. కోర్టు సినిమా అంటేనే మాటల సినిమా కాబట్టి నాకు పెద్దగా పని పడలేదు. మంగపతిగా శివాజీ గొంతు వినగానే నాన్న కుర్చీలో ముందుకు జరిగారు. ఇంట్లో ఆడపిల్లల మీద అరిచే మగాడి గొంతు మనందరికీ ఎక్కడో ఒకచోట తెలిసిందే. అరవకముందు వచ్చే ఆ నిదానం ఉంది చూశారా, అది ఆయన భలే పట్టుకున్నారు. తమాషా ఏమిటంటే సీనియర్ లాయరుగా సాయికుమార్ నోరు తెరిచిన వెంటనే నాన్న "రాజశేఖర్ ఏటి ఇందులో ఉన్నాడా?" అన్నారు. తప్పు ఆయనది కాదు, అన్నేళ్ళు రాజశేఖర్‌కి డబ్బింగ్ చెప్పింది సాయికుమారే కదా. సినిమా మీద నా ఫిర్యాదు ఒకటుంది. ఎమోషన్ వచ్చిన ప్రతిచోటా వెనక సంగీతం తోసుకొచ్చేస్తుంది. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు వాళ్ళని మాట్లాడనిస్తే చాలదా?

"బలగం" (2023) ఆలస్యంగా చూశాం, నాకు తీరిక దొరకలేదు. దీని గురించి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను.

ఇంటి పెద్ద కొమురయ్య చనిపోతాడు. పోయినవాళ్ళ పేరున పిట్టకు తిండి పెడితే కాకి ముట్టదు. ముట్టకపోతే ముసలాయన మనసులో ఏదో తీరని బాధ ఉందని లెక్క. ఊళ్ళో వాళ్ళు తలో మాట అంటారు, ఎప్పుడో నల్లిబొక్క (మటన్‌లో మూలగ ఎముక) దగ్గర మొదలైన అల్లుడి అలక మళ్ళీ పైకి వస్తుంది. కథంతా కాకి కోసం ఎదురుచూడటమే. ఎదురుచూపు అంటే తెర మీద ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. అందరూ దూరంగా నిలబడి ఆకు వైపు చూస్తూ ఉంటారు. నేను చెప్పడానికి ఒక్క ముక్క లేదు.

"ముట్టిందేటి?" అన్నారు నాన్న.

"లేదు నాన్నా."

కాసేపాగి మళ్ళీ, "వచ్చిందా?"

"చెట్టు మీద ఉంది. దిగట్లేదు."

మూడోసారి అడిగినప్పుడు ఆయన గొంతు మారింది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన సినిమాలో కాకి గురించి అడగటం లేదని. మా తాతయ్య పోయినప్పుడు నాన్నకూ బాబాయికీ పొలం దగ్గర మాటలు లేవు. గోదారి వాళ్ళయినా, తెలంగాణ వాళ్ళయినా, మా ఉత్తరాంధ్ర వాళ్ళయినా కాకి దగ్గర అందరిదీ ఒకటే భయం. ఆ రోజు మా ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను.

ఆ తర్వాత పదకొండో రోజు, పోయినవాళ్ళ మీద పాడే బుడగజంగాల పాట. పాడింది సినిమా గాయకులు కాదు, నిజంగా ఆ పాటే బతుకుగా ఉన్న కొమురమ్మ, మొగిలయ్య దంపతులు. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ పాట నడుస్తున్నంతసేపూ నేను నోరు మెదపలేదు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఎవరిని పట్టుకున్నారో, ఏదీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం పడలేదు. ప్రతి ఇంటి పేరూ వావీ వరసా ఎత్తి పాడుతుంటే వినేవాడికి తన వాళ్ళే గుర్తొస్తారు. అంతా అయ్యాక నాన్న, "భాష మనది కాదు గానీ, ఏడుపు మనదే" అన్నారు. నా దృష్టిలో ఈ పదేళ్ళలో వచ్చిన తెలుగు సినిమాల్లో దీని తర్వాతే ఏదైనా. మొదటి అరగంట పెళ్ళి కామెడీ మాత్రం కొంచెం సాగింది, ఆ మాట కూడా చెప్పాలి.

"35 చిన్న కథ కాదు" (2024) హాయిగా అయిపోయింది. సున్నాకు విలువే లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని అడిగే పిల్లాడి కథ, తిరుపతిలో. నాన్న మర్నాడు కాఫీ తాగుతూ ఆ ప్రశ్నే అమ్మను అడిగారు. అమ్మ "ముందు ఆ గ్లాసు ఇటివ్వండి" అంది. అన్నట్టు బలగం, కోర్ట్, 35 మూడింట్లోనూ ప్రియదర్శి ఉన్నాడు. ఇప్పుడు నాన్న గొంతును బట్టి గుర్తుపట్టేస్తున్నారు, "ఈ కుర్రోడు మళ్ళీ వచ్చేడు" అని. "లక్కీ భాస్కర్" (2024) కూడా ఇబ్బంది పెట్టలేదు. హీరో తన కథ తానే చెప్పుకుంటూ పోతాడు, మధ్యలో డబ్బు లెక్కలు. కండక్టరు గారికి డబ్బు లెక్కలంటే ఎందుకు నచ్చదు!

మలయాళం నుంచి వచ్చిన "మంజుమ్మెల్ బాయ్స్" (2024) గురించి నాకు అనుమానంగానే ఉండింది. కొడైకెనాల్ గుణ గుహల్లో 2006లో నిజంగా జరిగిన సంగతి. స్నేహితుడు లోతైన గోతిలో పడిపోతాడు, మిగతా వాళ్ళు పైనుంచి పిలుస్తూ ఉంటారు. చీకటి గుహ, అన్నీ బొమ్మలే అనుకున్నాను. తీరా చూస్తే అది చెవుల సినిమా. పైనున్న వాళ్ళకి గోతిలో ఏముందో కనపడదు, నాన్నకీ కనపడదు. అందరూ ఒకే స్థితిలో ఉన్నారు. పేరు పెట్టి పిలిచిన పిలుపు రాళ్ళకు కొట్టుకుంటూ కిందికి పోతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కమల్ హాసన్ "గుణ" సినిమా పాట రాగానే తెలుగులో "కమ్మని ఈ ప్రేమలేఖనే" అని అందుకున్నారు, కాస్త అపస్వరంగా. మొదట్లో ఆ కుర్రాళ్ళ గోల భరించలేకపోయారు. పదిమంది ఒకేసారి మాట్లాడితే ఎవరెవరో నేనే పోల్చుకోలేకపోయాను, ఆయనకేం చెప్పను?

"కేర్ ఆఫ్ కంచరపాలెం" (2018) కొత్తది కాదు, కానీ నాన్న ఇప్పుడే విన్నారు. నటుల్లో ఎక్కువమంది విశాఖపట్నంలోని ఆ పేటవాళ్ళే. రెండు నిమిషాలు వినగానే "ఇది మనోళ్ళ మాటరా" అని నిటారుగా కూర్చున్నారు. మామూలుగా మన సినిమాల్లో ఉత్తరాంధ్ర యాస అంటే పనిమనిషికో, కామెడీ వాడికో, రౌడీ పక్కనుండేవాడికో. ఇందులో ప్రేమించేవాడు, ప్రార్థించేవాడు, అలిగేవాడు అందరూ ఆ యాసలోనే. సారా కొట్లో పనిచేసే గడ్డం అనేవాడు, ముసుగులో ఉన్న సలీమా కళ్ళు చూసి ప్రేమించే కథ వచ్చినప్పుడు మాత్రం నాకు గొంతు పెగల్లేదు. ఎలా చెప్పాలి? "ఆ అమ్మాయి కళ్ళు ఒక్కటే కనిపిస్తున్నాయి నాన్నా" అన్నాను. "ఎలగున్నాయి?" అన్నారు. నేను వర్ణించడానికి తంటాలు పడి చివరికి "బాగున్నాయి" అన్నాను. నా బతుక్కి ఇంతకంటే చేతగాని సమీక్ష లేదు.

ఇక నచ్చనివి. "పుష్ప 2" థియేటర్‌కే తీసుకెళ్ళాను. మూడు గంటల ఇరవై నిమిషాలు. చిత్తూరు యాస, డైలాగు విరుపు నాన్నకు బాగా పట్టాయి, ఈలలకు ఈల వేశారు కూడా. జాతర దగ్గర నా పని మొదలైంది. చీర కట్టుకున్నాడు, ఒంటినిండా రంగు, నిమ్మకాయల దండ, ఎగురుతున్నాడు, కొట్టాడు. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి "బాబూ, మమ్మల్ని చూడనిస్తారా?" అన్నాడు. అతనిది తప్పని అనను, టికెట్టు కొనుక్కున్నాడు. ఆ తర్వాత గొణగడం కూడా మానేశాను. నాన్నకు మిగిలింది డప్పులూ అరుపులూ. నటన గొప్పగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ చివరి గంటలో ఫైట్లు తీసేస్తే కథకు ఏం తగ్గుతుందో నాకు అర్థం కాలేదు. "కల్కి 2898 ఏడీ" (2024) ఇంట్లో పెట్టాం. అశ్వత్థామ, కురుక్షేత్రం వరకు మహాభారతం తెలిసిన మనిషి కాబట్టి ఉత్సాహంగా విన్నారు. ఆ తర్వాత బళ్ళు, మిషన్లు, పేలుళ్ళు. తెర మీద ఆ లోకం చూడటానికి నాకు ఎంతో బాగుంది. పక్కన నాన్న గురక పెడుతున్నారు.

దీనికి పరిష్కారం లేక కాదు. దృశ్యాన్ని మాటల్లో చెప్పే ఆడియో డిస్క్రిప్షన్ అని ఒకటుంది, డైలాగుల మధ్య ఖాళీల్లో వస్తుంది, ఇయర్‌ఫోన్లో వినొచ్చు, పక్కవాళ్ళకు ఇబ్బంది ఉండదు. "పఠాన్" ఓటీటీకి అది తయారు చెయ్యమని ఢిల్లీ హైకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. 2024 మార్చిలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ థియేటర్ల కోసం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నేను పైన చెప్పిన సినిమాల్లో ఒక్కదానికీ తెలుగులో ఆ ట్రాక్ నాకు దొరకలేదు. వందల కోట్లు పెట్టి తీసేవాళ్ళకు ఒక గొంతు, నాలుగు రోజుల రికార్డింగ్ బరువా? నేనైతే ఉచితంగా చెబుతాను, గొంతు బొంగురైనా సరే.

ఆఖరుగా, పోయిన ఆదివారం చూసింది. నాన్నే అడిగారు, "పుష్పక విమానం పెట్టు" అని. సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన సినిమా, ఒక్క డైలాగు లేదు. నేను బిత్తరపోయాను. మాటే లేని సినిమా ఈయనకు ఎలా వినిపించాలి? రెండు గంటలకు పైగా ఆగకుండా చెప్పాలన్నమాట. గొంతు సవరించుకుని "ఒక లాడ్జి, బాత్రూం ముందు జనం క్యూ కట్టారు" అని మొదలుపెట్టాను.

"నువ్వు ఊరుకోరా" అన్నారు. "నేను చెప్తాను, నువ్వు చూడు."

నిజంగానే చెప్పారు. ఎన్నిసార్లు చూశారో ఏమో. కమల్ హాసన్ ఆ పెద్ద హోటల్లో నిద్రపట్టక, తన పాత గది పక్కనున్న సినిమా హాలు రొదను టేపులో పట్టుకొచ్చి, అది పెట్టుకుని పడుకునే సీను వస్తే పగలబడి నవ్వారు. టిన్నూ ఆనంద్ మంచుకత్తి తీసేముందు వచ్చే సంగీతానికి "అదిగో, వస్తన్నాడు" అన్నారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి, తెర వైపు కాకుండా నాన్న వైపు చూస్తోంది.

చివరికి వచ్చాం. అమల వెళ్ళిపోతూ గులాబీకి కాగితం చుట్టి పడేస్తుంది. "ఆ గుంట దాని మీద అడ్రసు రాసిందిరా," అన్నారు నాన్న. "గాలికి ఎగిరిపోయి కాలవలో పడిపోయింది. ఈడికి పువ్వే మిగిలింది."

తెర వైపు చూశాను. కాగితం ఇంకా గాల్లోనే ఉంది.