మేం ముందే చేస్తున్న పొడికి వేరొకరి పేటెంటు

ప్రశ్న: జీడిమెట్లలో మాకు చిన్న యూనిట్ ఉంది. 2012 నుంచి ఇట్రియా కలిపిన జిర్కోనియా (సిరామిక్ పదార్థం) పొడిని అవక్షేపణ పద్ధతిలో, అంటే ద్రావణం నుంచి ఘనపదార్థంగా వేరుచేసి, తయారు చేస్తున్నాం. 2019లో దరఖాస్తు పెట్టుకున్న ఒక కంపెనీ, ఇదే పద్ధతికి తమకు పేటెంటు మంజూరైందనీ, అది నాలుగు నెలల క్రితం ప్రచురితమైందనీ లాయరు నోటీసు పంపింది. ముందు నుంచీ చేస్తున్నది మేమేనని చెబితే సరిపోదా అండీ?

జవాబు: అంతమాత్రం సరిపోదండీ, అలాగని భయపడాల్సిన పనీ లేదు. పేటెంటు ఇచ్చినంత మాత్రాన అది చెల్లుతుందని హామీ ఇచ్చినట్టు కాదని 1970 నాటి పేటెంట్ల చట్టం 13వ సెక్షనే చెబుతోంది. వారి దరఖాస్తు తేదీకి ముందే ఆ పద్ధతి ఇతరులకు తెలుసా అన్నదే ఇక్కడ ముఖ్యం. అది సామాన్య జనానికి తెలియనక్కర్లేదనీ, ఆ రంగంలోని శాస్త్రజ్ఞులకో వ్యాపారులకో వినియోగదారులకో తెలిస్తే చాలుననీ మోన్‌శాంటో, కోరమాండల్ ఇండాగ్ కేసులో 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి గేటు దాటి బయటికి వెళ్లిన కాగితాలను ముందుగా వెతకండి: కొనుగోలుదారుకు ఇచ్చిన సాంకేతిక వివరాలు, మీ దగ్గర ప్రాజెక్టు చేసిన విద్యార్థులు కాలేజీ లైబ్రరీకి ఇచ్చిన నివేదిక వంటివి.

తర్వాత వారి మొదటి క్లెయిమును (పేటెంటులో తమ హక్కు దేనిపైనో చెప్పే వాక్యం) మీ లాగ్‌బుక్ పక్కన పెట్టి ఒక్కొక్క మెట్టూ పోల్చండి. సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లటి మసక రాని దాకా, అంటే క్లోరైడు పోయేదాకా, అవక్షేపాన్ని నీటితో కడిగామని మీరు రాసుకుని, వారు ఆల్కహాల్‌తో కడగడాన్ని తప్పనిసరి చేసి ఉంటే, మీ పాత వాడకం ఒక్కటే వారి కొత్తదనాన్ని కొట్టేయలేదు. కానీ అదే తేడా వల్ల మీరు ఉల్లంఘించలేదని వాదించే వీలుంటుంది. ఆల్కహాల్‌తో కడిగితే పొడి గట్టి ముద్దలు కట్టదన్నది ఈ రంగంలో పాత సంగతే గనుక, ఇందులో ఆవిష్కరణ లేదన్న వాదన కూడా నిలబడవచ్చు. ఈ అంశానికే ఎక్కువ శ్రమ పెట్టమని నా సలహా.

మంజూరు ప్రచురితమైన నాటి నుంచి ఏడాదిలోగా పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం వేయవచ్చు. అంటే మీకు ఎనిమిది నెలలుంది. వారు ఉల్లంఘన దావా వేస్తే, పేటెంటు రద్దు కోరుతూ మీరు ప్రతిదావా వేయవచ్చు. అప్పుడు కేసు హైకోర్టుకు వెళ్తుంది. నోటీసుకు జవాబులో మాత్రం "మాదీ అదే పద్ధతి" అని పోలిక పూర్తికాక ముందే రాయకండి. లాగ్‌బుక్‌లో మరకలున్నా, అక్షరాలు చెరిగినా దిద్దకుండా ఉన్నదున్నట్టే లాయరుకు అప్పగించండి.