ఒక్క స్టేజీలోనూ మొదట రాకుండా టూర్ డి ఫ్రాన్స్ ఎలా గెలుస్తారు?

టూర్ డి ఫ్రాన్స్ అంటే మూడు వారాల సైకిల్ రేసు, అందులో ఒక్కో రోజు పోటీ ఒక్కో స్టేజీ. ఒక్క రోజు కూడా మొదటి స్థానం రాని మనిషికి మొత్తం రేసు ఎలా ఇచ్చారని, ఇందులో ఏమైనా మతలబు ఉందా అని అడిగారు. నాకూ సరిగ్గా ఇదే అనుమానం వచ్చింది.

2017లో మొదటిసారి టూర్‌ను మూడు వారాలూ వదలకుండా టీవీలో చూశాను. నోటుపుస్తకంలో రోజూ స్టేజీ విజేత పేరు రాసుకునేవాణ్ని. మొదటి 11 స్టేజీల్లో ఐదుసార్లు జర్మనీకి చెందిన మార్సెల్ కిటెల్ పేరే రాశాను. ఈసారి ఇతనిదేనని ఇంట్లో అందరికీ చెప్పేశాను కూడా. 17వ స్టేజీలో కింద పడి, పాయింట్లలో ముందున్నవాడు వేసుకునే ఆకుపచ్చ జెర్సీతోనే అతను రేసు వదిలేశాడు. చివరికి పారిస్‌లో, మొత్తం రేసులో ముందున్నవాడికి ఇచ్చే పసుపు జెర్సీ వేసుకుని నిలబడింది క్రిస్ ఫ్రూమ్. నా పుస్తకంలోని 21 వరుసల్లో ఎంత వెతికినా ఆ పేరు లేదు!

నేను కట్టిందే తప్పు లెక్క. 21 స్టేజీలకు పట్టిన సమయమంతా కూడితే ఎవరికి అందరికంటే తక్కువ వస్తుందో వారే విజేత. చదును దారిలో గుంపంతా కలిసి గీత దాటితే అందరికీ ఒకే సమయం వేస్తారు. అంటే అంత అద్భుతంగా దూసుకొచ్చిన కిటెల్‌కు ఆ గుంపు మీద మిగిలేది 10 సెకన్ల బోనస్ మాత్రమే. కొండ దారుల్లో అతను నిమిషాలకు నిమిషాలు పోగొట్టుకునేవాడు. కింద పడకపోయినా పసుపు జెర్సీ అతనికి అందేది కాదు.

ఫ్రూమ్ కూడా ప్రతిరోజూ మెరవలేదు. పిరెనీస్ కొండల్లోని పేరగూడ్ దగ్గర చివరి నిటారు ఎత్తులో కాళ్లు మొరాయించాయి. 22 సెకన్లు పోయాయి, వాటితోపాటు పసుపు జెర్సీ ఇటలీకి చెందిన ఫాబియో ఆరు చేతికి వెళ్లింది. రెండు రోజులకు తిరిగి తెచ్చుకున్నాడు. నాకు బాగా గుర్తున్నది మాత్రం 15వ స్టేజీ. ఫ్రూమ్ చక్రం పాడైంది, ప్రత్యర్థులు ముందుకు వెళ్లిపోతున్నారు. అతని జట్టులోని క్వియాట్‌కోవ్‌స్కీ ఆగి, తన చక్రం ఊడదీసి ఇచ్చి, తాను రోడ్డు పక్కన నిలబడిపోయాడు. ఒకప్పటి ప్రపంచ చాంపియన్ ఆయన! ఫ్రూమ్ వెంటాడి ముందున్నవారిని కలుసుకున్నాడు. ఆ రోజు అతనికి వచ్చిన లాభమేమీ లేదు, నష్టం తప్పించుకున్నాడు, అంతే. నా నోటుపుస్తకంలో అలాంటి రోజుకు చోటే లేదు.

ఇక మార్సెయ్‌లో 20వ స్టేజీ 22.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, ఎవరికి వారు ఒంటరిగా తొక్కాలి. పోలండ్‌కు చెందిన బోద్నార్ మొదట వచ్చాడు, ఫ్రూమ్ 6 సెకన్ల తేడాతో మూడో స్థానం. అయితే అతనికి కావలసింది బోద్నార్‌ను ఓడించడం కాదు. మొత్తం సమయంలో తనకంటే 29 సెకన్లే వెనకున్న ప్రత్యర్థి రిగోబెర్తో ఉరాన్ మీద ఆ ఒక్క రోజే మరో 25 సెకన్లు సంపాదించాడు. 54 సెకన్ల తేడాతో టూర్ అతనిదైంది.

ఇలా గెలిచింది ఫ్రూమ్ ఒక్కడే కాదు. 1990లో గ్రెగ్ లెమాండ్, 2019లో ఎగన్ బెర్నాల్ కూడా ఆ ఏడాది ఒక్క స్టేజీ గెలవకుండానే టూర్ గెలిచారు. 2024లో పొగాచార్ ఆరు స్టేజీలు గెలిచి మరీ టూర్ గెలిచాడనుకోండి, అది వేరే సంగతి.

అన్నట్టు, 2017లో నాలుగో స్థానంలో నిలిచిన మికెల్ లాందా మూడు వారాలు తొక్కి, ఒకే ఒక్క సెకనుతో, మొదటి ముగ్గురు నిలబడే పారిస్ పోడియం పోగొట్టుకున్నాడు.