జాతీయ గీతం పాడుతుండగా నిరసన తెలిపే ఆటగాళ్లకు దేశభక్తి లేనట్టేనా?

ప్రశ్న అడిగినాయన అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కెపర్నిక్ మోకాలి మీద కూర్చున్న ఫొటో పెట్టి, "ఇలాంటివాణ్ని మన దేశంలో అయితే ఏం చేసేవాళ్లం? అసలు ఆటగాళ్లకు రాజకీయాలెందుకు?" అని కూడా రాశారు. మన దేశంలో ఏం చేస్తారో నాకు తెలుసు. క్షమాపణ కాయితం రాయమంటారు. విజయనగరం జిల్లాలో పీఈటీగా చేసి రిటైరైనవాణ్ని, నా కళ్లముందే జరిగింది.

ముందు కెపర్నిక్ సంగతి చెప్పేసి అక్కడికి వస్తాను. ఆ మోకాలు వంచడమన్నది ఆయన సొంత ఆలోచన కాదు. 2016 ఆగస్టులో, నల్లవాళ్లు పోలీసుల చేతుల్లో చనిపోతున్నారన్న బాధతో, గీతం వస్తుంటే లేవకుండా బెంచీ మీదే కూర్చుండిపోయాడు. అది చూసి నొచ్చుకున్నవాళ్లలో నేట్ బోయర్ అని ఒక మాజీ సైనికుడున్నాడు. తిట్టిపోయకుండా వెళ్లి మాట్లాడాడు. కూర్చునే బదులు మోకాలు వంచు, సైనికులం మేం చనిపోయిన తోటివాళ్ల సమాధుల దగ్గర అలాగే చేస్తాం, అన్నాడట. సెప్టెంబరు 1న కెపర్నిక్ మొదటిసారి మోకాలు వంచినప్పుడు బోయర్ పక్కనే నిటారుగా నిలబడ్డాడు. సైనికుణ్ని అవమానించాడని ఎవరి మీద గోల చేశారో, ఆయనకు ఆ పద్ధతి నేర్పింది సైనికుడే. అయినా ఆ సీజను తర్వాత ఒక్క జట్టూ ఆయన్ను తీసుకోలేదు.

ఇక మా సంగతి. ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడక్కండి, అప్పటివాళ్లు కొందరు ఇంకా సర్వీసులోనే ఉన్నారు. జిల్లా స్థాయి స్కూలు ఆటల పోటీలు. మా బడి ఆడపిల్లలు రిలేలో ఫస్టు వచ్చారు. నలుగురూ ఉత్తికాళ్లతో పరిగెత్తారు. బూట్లు రాలేదా అంటే, వచ్చాయి. అట్టపెట్టె విప్పితే అన్నీ మగవాళ్లవి, తొమ్మిదో నంబరు. మా పిల్లల పాదాలు నాలుగో, ఐదో. ముందు భాగంలో పేపరు కుక్కుకుని ఒకమ్మాయి పరిగెత్తి చూసింది. మలుపు దగ్గర బూటొక పక్క, పిల్లొక పక్క. పెట్టె తిరిగి పంపిస్తే పెట్టె అందినట్టు రసీదు వచ్చింది, బూట్లు రాలేదు.

ముగింపు సభనాడు కవాతుకి వరసలు కడుతున్నారు. నిర్వాహకుల్లో ఒకాయన మైకులోనే చెప్పాడు: "బూట్లు లేని పిల్లలు వెనక్కి పోవాలి, ఫొటోలో బాగోదు." గెలిచిన పిల్లలు నలుగురూ వెనక వరసకి పోయారు. పదకొండుకి రావలసిన చీఫ్ గెస్టు ఒంటిగంట దాటాక వచ్చాడు. తర్వాత శాలువాలు. మా జిల్లాల్లో ఆటల సభల్లో కప్పిన శాలువాల డబ్బులన్నీ ఒకచోట పోస్తే ప్రతి మండలానికీ ఒక సింథటిక్ ట్రాక్ వచ్చేదని నా గట్టి నమ్మకం. లెక్క అడిగితే చెప్పలేను, నమ్మకం మాత్రం పోదు. ఆ శాలువాలయ్యాక ఉపన్యాసం. ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, మన కొండవెలగాడ పిల్ల మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో పతకం తెచ్చింది, మీరంతా అలా కావాలి అన్నాడు. ఎండలో నిలబడి, పొద్దున తిన్న ఉప్మా అరిగిపోయిన పిల్లలతో.

చివర్న జాతీయ గీతం. "సావధాన్" అని అరిచింది నేనే. ఆ నలుగురూ వెనక వరస నుంచి నడుచుకుంటూ ముందుకొచ్చారు. హవాయి చెప్పులు విడిచి, గీత గీసినట్టు ఒక వరసలో, మొనలు వేదిక వైపుండేలా పెట్టి, వాటి వెనక నిటారుగా నిలబడ్డారు. నీలం పట్టీలవి రెండు జతలు. ఒకదానికి తెగిన పట్టీని పిన్నీసుతో బిగించి ఉంది. చేతులు పక్కన, చూపు జెండా మీద, పాడటం మొదలెట్టారు. మైక్ సెట్ కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో పెట్టిన పాట సగంలో ఠక్కున ఆగిపోయింది. వేదిక మీద పెద్దలు దాంతోపాటే ఆగారు, సగం దాటాక వాళ్లవి పెదాలే కదులుతాయి లెండి. పిల్లలు ఆగలేదు. చివరి జయ వరకూ నాలుగు గొంతులే వినబడ్డాయి.

అయిపోగానే రభస. "జాతీయ గీతానికి చెప్పులు చూపిస్తారా? ఎవరు నేర్పారు మీకు?" అని వేదిక మీంచి ఒకాయన. నా వైపు కూడా చూశాడు. వాళ్లలో పెద్దపిల్ల బెదరకుండా, "సెప్పులు సూపించనేదండి, బూట్లు నేవని సూపించినాం" అంది. ఇంకేముంది, టీసీ ఇచ్చి పంపించెయ్యాలని ఒకరు, కేసు పెట్టాలని ఒకరు. చివరికి తల్లిదండ్రుల సంతకంతో క్షమాపణ కాయితం దగ్గర బేరం తెగింది.

ఆ పెద్దపిల్ల తండ్రి మిలట్రీలో హవల్దారు, అప్పుడు సెలవు మీద ఊళ్లోనే ఉన్నాడు. మర్నాడు లుంగీ మీదే బడికొచ్చాడు. మా హెడ్మాస్టారు లేచి కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. "పాట అయినంతవరకూ కదలకుండా నిల్చుందేటి మాస్టారూ?" అని నన్నడిగాడు. నిలబడటమే కాదు, అందరూ ఆపేసినా పాడింది అన్నాను. "మరింకేటి కాయితం? మాకయితే ముందు బూట్లిచ్చి ఆనక కవాతు సేయిత్తారు" అని, సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు. మిలట్రీ మనిషికి దేశభక్తి పాఠం చెప్పే ధైర్యం ఎవరికుంది? కాయితం సంగతి అక్కడితో పోయింది. మరుసటి ఏడు బూట్లు వచ్చాయి. ఎనిమిదో నంబరు.

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగయ్యాక టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల తొడుగు వేసుకున్న పిడికిలి ఎత్తారు కదా, ఆ ఫొటోలో అందరూ పిడికిళ్లే చూస్తారు. కాళ్లు చూడండి. బూట్లుండవు, నల్ల మేజోళ్లే. తమవాళ్ల పేదరికం కనబడాలని పతకాల వేదిక అలా ఎక్కారు. మా పిల్లలకు మెక్సికో ఎక్కడుందో తెలీదు. లేనివాడికి చూపించుకోవడానికి లేనితనమే ఉంటుంది, అంతే. పక్కన రజతం గెలిచిన ఆస్ట్రేలియా తెల్లవాడు పీటర్ నార్మన్ కూడా వాళ్లకు మద్దతుగా బ్యాడ్జీ పెట్టుకున్నాడు. 2006లో ఆయన పోతే పాడె మోసినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు.

కేసు అన్నారు కాబట్టి చట్టం కూడా చెప్తాను. 1971 నాటి చట్టం ప్రకారం గీతం పాడకుండా కావాలని అడ్డుకోవడం, పాడుతున్నవాళ్లను భంగపరచడం నేరం. మా పిల్లలు ఏది చేశారు? కేరళలో ముగ్గురు పిల్లలు మత విశ్వాసం వల్ల గీతం పాడకుండా, మర్యాదగా లేచి మాత్రం నిలబడితే బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. పాడకపోయినా తప్పు కాదన్న దేశంలో, పాడినవాళ్లను కాయితం రాయమన్నారు.

సినిమా హాళ్లలో గీతం వెయ్యాలని 2016 నవంబరు 30న కోర్టు చెప్పింది, 2018 జనవరి 9న తప్పనిసరి కాదంది. ఆ మధ్యకాలంలో విజయనగరం హాళ్లలో చూశాను: ఒక చేత్తో పాప్‌కార్న్ పట్టుకుని, పక్కవాడు లేచాడా లేదా అని తొంగిచూసే దేశభక్తి. జెండా వైపు చూసేవాడు తక్కువ. అమెరికాలో కూడా కెపర్నిక్ మీద అరిచినవాళ్లు గీతం వస్తున్నంతసేపూ ఆయన్నే చూస్తూ ఉండి ఉంటారని నా అభిప్రాయం.

ఇక ఆటగాళ్లకు రాజకీయాలెందుకన్న మాట. ముందు వేదిక మీదున్నవాళ్లను దింపండి, తర్వాత ఆటగాళ్ల సంగతి చూద్దాం. ఆటలో రాజకీయం మా విజయనగరానికి కొత్తేం కాదు. 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండ్ తీసుకెళ్లిన కెప్టెన్ మా మహారాజకుమార్ విజ్జీ గారే. మంచి ఊపు మీదున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ లేదని మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా ఓడెక్కించి ఇంటికి పంపేశారు. ఆ మూడు టెస్టుల్లో విజ్జీ గారు చేసింది మొత్తం 33 పరుగులు.