ఈసీజీ, ఎకో నార్మల్... మరి మెట్లెక్కితే ఛాతీలో ఆ బరువేంటి?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. నాలుగైదు నెలలుగా మెట్లెక్కినా, గబగబా నడిచినా ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు ఉంటోందట. కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు వాడినా తేడా లేదు. ఈసీజీ, టూడీ ఎకో నార్మల్ అన్నారు. ఒక డాక్టర్ టీఎంటీ చేయించమంటే, ఇంకొకరు సీటీ యాంజియో అన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు బాగా ఎక్కువ. ఏది చేయించాలి? నాకు 32 ఏళ్లు, ఏ ఇబ్బందీ లేదు. నేనూ ఏదైనా పరీక్ష చేయించుకోవాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఒక మాట. దీన్ని గ్యాస్ అని వదిలేయకండి. శ్రమపడితే రావడం, కూర్చుంటే తగ్గడం, దానికి తోడు పదేళ్ల షుగర్, బీపీ... ఇవన్నీ కలిపి చూస్తే గుండె రక్తనాళాల్లో పూడిక ఉందేమో తేల్చుకోవాల్సిందే. ఈసీజీ, ఎకో రెండూ మీ అమ్మగారు కదలకుండా పడుకున్నప్పుడు తీసినవి. నాళం సగానికి పైగా మూసుకుపోయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండెకు ఆ రక్తం సరిపోతుంది. అందుకే రిపోర్టులు నార్మల్‌గా వస్తాయి. ఎకోలో పంపింగ్, కవాటాలు బాగున్నాయంటే పాత గుండెపోటు తాలూకు దెబ్బ కనిపించలేదని మాత్రమే. బ్లాకులు లేవని కాదు.

ఇక టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష. ఖర్చు తక్కువ, చాలా ఊళ్లలో దొరుకుతుంది. కానీ అది పనికి రావాలంటే గుండె వేగం ఒక స్థాయికి చేరేదాకా నడవాలి. 220 లోంచి వయసు తీసేసి, మిగిలిన దాంట్లో 85 శాతం. మీ అమ్మగారికైతే నిమిషానికి సుమారు 138. మోకాళ్ల నొప్పులతో మూడు నిమిషాలకే దిగిపోతే ఆ పరీక్ష అటూ ఇటూ ఏదీ చెప్పదు. పైగా ఆడవాళ్లలో ఇది లేని జబ్బును ఉన్నట్టు చూపించడం కొంచెం ఎక్కువే. అందుకే మీ అమ్మగారికి టీఎంటీ వద్దంటాను.

మీరు రాసిన వివరాలను బట్టి నా మొగ్గు సీటీ కరొనరీ యాంజియో వైపే. చేతి నరంలోకి మందు ఎక్కించి స్కాన్ తీస్తారు, పడుకుని ఊపిరి బిగబడితే చాలు. గుండె వేగం 60 దగ్గరికి తేవడానికి ముందు ఒక మాత్ర ఇవ్వచ్చు. పెద్ద బ్లాకులే కాదు, అప్పుడే మొదలైన చిన్న పూడికలు కూడా ఇందులో కనబడతాయి. ఇది చిన్న విషయం కాదు. స్కాట్లాండ్‌లో ఛాతీ నొప్పితో వచ్చిన 4 వేల మందికి పైగా రోగులను ఐదేళ్లు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. మామూలు పరీక్షలకు తోడు సీటీ కూడా చేసినవారిలో గుండె జబ్బు మరణాలు, గుండెపోట్లు కలిపి 2.3 శాతం, చేయనివారిలో 3.9 శాతం. పూడిక కంటికి కనిపించడంతో సరైన మందులు వేళకు మొదలుపెట్టడమే ఈ తేడాకు ముఖ్య కారణమని భావిస్తున్నారు.

అయితే సీటీకి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. కిడ్నీలు బాగా దెబ్బతిని ఉంటే స్కాన్‌కు ఎక్కించే మందుతో ఇబ్బంది. ఇంతకుముందు ఎప్పుడైనా స్కాన్ మందు పడక ఎలర్జీ వచ్చినా చెప్పాలి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలా వద్దా అన్నది డాక్టర్ చెబుతారు, మీ అంతట మీరు ఆపకండి. నాళాల్లో కాల్షియం బాగా పేరుకుపోయి ఉంటే సీటీలో బ్లాకు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపించవచ్చు.

సీటీ కుదరకపోయినా, అందులో సందేహం మిగిలినా డోబుటమిన్ స్ట్రెస్ ఎకో గానీ, గుండె కండరానికి రక్తం ఎలా అందుతోందో చూసే స్ట్రెస్ థాలియం స్కాన్ గానీ చేయిస్తారు. వీటికి నడవక్కర్లేదు, ఇంజెక్షన్‌తోనే గుండెకు పని పెంచుతారు లేదా నాళాలు వెడల్పయ్యేలా చేస్తారు. ఆస్తమా ఉంటే థాలియం స్కాన్‌కు వాడే కొన్ని ఇంజెక్షన్లు పడవు. అది తప్పక చెప్పండి. ఎకోలో రేడియేషన్ అసలే ఉండదు, కానీ చేసే డాక్టర్ అనుభవం మీదే ఫలితం ఆధారపడుతుంది. కాబట్టి మీకు దగ్గర్లో ఏది బాగా చేస్తారో కూడా కార్డియాలజిస్టును అడగండి.

బ్లాకు కనబడగానే స్టెంట్ అని టెన్షన్ పడొద్దు. ప్రధాన నాళం మొదట్లోనే గట్టి బ్లాకు ఉంటేనో, మందులకు నొప్పి లొంగకపోతేనో ఆ మాట వేరు. నిలకడగా ఉన్న జబ్బులో మందులతోనే చాలామంది బాగుంటారు.

ఒకవేళ ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, పది నిమిషాలు దాటినా, చెమటలు పట్టి ఆయాసం వచ్చినా ఈ పరీక్షల కోసం ఎదురుచూడకండి. వెంటనే 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసమే రావచ్చు.

మీ విషయానికొస్తే, ఏ లక్షణమూ లేని 32 ఏళ్ల మనిషికి టీఎంటీ, సీటీ యాంజియో అక్కర్లేదు, ప్యాకేజీలో ఉచితంగా ఇచ్చినా సరే. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. సిగరెట్ అలవాటు ఉంటే మానేయండి. మీ అమ్మగారికి బ్లాకులు ఉన్నట్టు తేలితే మాత్రం ఆ సంగతి మీ డాక్టర్‌కు చెప్పండి, మీ కొలెస్ట్రాల్‌కు మందు ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించడానికి అది పనికొస్తుంది.