హ్యాండిల్ ధర ఒక్కటే చూసి లెక్క వేయకండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 42,000. మీటియోర్ 350 కొని 8 నెలలైంది, బండి ఈఎంఐ 6,300. దూరం వెళ్తే భుజాలు లాగేస్తున్నాయి. ఎత్తు హ్యాండిల్ 5,000, సైలెన్సర్ 12,000, లైట్లు 6,000, సైడ్ బ్యాగులు 9,000, క్రాష్ గార్డు 4,000... మొత్తం 36,000 అన్నారు. పొదుపు 20,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద ఏడాది ఈఎంఐ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవద్దు. 15 శాతం వడ్డీ వేసుకున్నా, దానిపై జీఎస్టీతో కలిపి 3,500 దాకా అదనంగా పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఆ 20,000 కూడా కదపకండి. ఉద్యోగం పోతే మీకున్న ఆసరా అదొక్కటే, అది మీ ఒక నెల జీతంలో సగం కూడా లేదు.

భుజాల నొప్పి మాత్రం నిజమైన అవసరం. అయితే ఎత్తు హ్యాండిల్ 5,000తో ఆగదు. అది పైకి లేస్తే క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, బ్రేక్ హోస్, వైరింగ్ అన్నీ పొట్టివైపోతాయి. ఎవరైనా అలా బిగించిన బండి దొరికితే స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి హ్యాండిల్‌ని రెండు పక్కలా పూర్తిగా తిప్పి చూడండి. కేబుల్ చాలకపోతే చెయ్యి వేయకుండానే ఇంజిన్ రేజ్ అవుతుంది. యూటర్న్‌లో అలా జరిగితే ప్రాణానికే ముప్పు. అందుకే ముందు మీ పాత హ్యాండిల్ కిందే రైజర్లు (హ్యాండిల్‌ని కాస్త పైకి లేపే దిమ్మెలు) వేయించి చూడండి. కొద్దిపాటి ఎత్తుకైతే చాలాసార్లు ఉన్న కేబుళ్లే సరిపోతాయి. బిగించాక పై పరీక్ష మాత్రం మీ బండికీ చేయండి.

సైలెన్సర్ వదిలేయండి. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా పడవచ్చని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. మోగే సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించడం మీరూ చూసే ఉంటారు.

నెలకు 3,000 పక్కన పెట్టండి. మొదట రైజర్లు, తర్వాత క్రాష్ గార్డు, దూర ప్రయాణం ఖాయమయ్యాక బ్యాగులు. లైట్ల సంగతి ఆఖర్న చూద్దాం. బయట కొన్నవాటి బిల్లులు దాచి, బీమా కంపెనీకి రాసి ఇవ్వండి. పాలసీలో యాక్సెసరీల విలువ చేర్పించుకోకపోతే ప్రమాదంలో అవి విరిగినా పైసా రాదు. కొంచెం ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఎప్పటికైనా హ్యాండిల్ మార్పిస్తే పాతది షాపులో వదిలేయకండి. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది ఒరిజినల్ సామాన్ల గురించే.